వెలగడం కాదు, ఊరికే వెలగకపోవడమే కష్టం

ఈరోజు ఒక బుల్లి దీపం కథ. బతికున్న కణం లోపలికి పంపే దీపం. క్యాన్సర్ జాడ కనిపిస్తే వెలగాలి, లేకపోతే ఆరిపోయి ఉండాలి. సింపుల్‌గా ఇఫ్-ఎల్స్ కోడ్‌లా ఉంది కదా? కాదు. ఎందుకో చూద్దాం.

1993కి వెళ్దాం. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ల్యాబులు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు మీద పనిచేస్తున్నాయి. అందులో లిన్-4 అనే జీన్ ప్రోటీన్ తయారుచెయ్యట్లేదు. 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్కని తయారుచేస్తోంది. ఆ ముక్క ఇంకో జీన్ మెసేజ్‌కి అతుక్కుని దాని నోరు నొక్కేస్తోంది. ఇదే మైక్రోఆర్ఎన్ఏ. పురుగు సంగతి మనకెందుకులే అని అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2000లో లెట్-7 దొరికింది, అది మనుషుల్లోనూ ఉంది! 2002లో కార్లో క్రోచే బృందం ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌లో మిర్-15, మిర్-16 చాలామంది రోగుల్లో తగ్గిపోయాయని చూపించింది. 2005లో మెదడు ట్యూమర్లలో మిర్-21 బాగా పెరిగిందని తేలింది.

మరి దీపం? అది 1996లోనే పుట్టింది. న్యూయార్క్‌లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రామర్ తయారుచేశారు. పేరు మాలిక్యులర్ బీకన్. హెయిర్‌పిన్‌లా వంగిన డీఎన్ఏ ముక్క అన్నమాట. ఒక చివర వెలుగిచ్చే అణువు, ఇంకో చివర ఆ వెలుగుని మింగేసే అణువు. సరైన జోడీ దొరికితే పిన్ను తెరుచుకుంటుంది, చివరలు దూరమవుతాయి, వెలుగొస్తుంది.

టెస్ట్‌ట్యూబులో బ్రహ్మాండం. కణంలోకి పంపితేనే చిక్కు. అక్కడి ఎంజైములు డీఎన్ఏని కత్తిరించేస్తాయి. అప్పుడూ చివరలు విడిపోతాయి, అప్పుడూ వెలుగొస్తుంది! అది క్యాన్సర్ జాడ కాదు, మన దీపం విరిగిందంతే. పొడవైన ఆర్ఎన్ఏ అయితే రెండు దీపాలు పక్కపక్కనే అతికించి, రెండూ కలిస్తేనే నమ్మొచ్చు. 22 అక్షరాల్లో అంత చోటెక్కడిది?

అందుకే ఆ తర్వాతి కష్టమంతా అబద్ధపు వెలుగుని ఆపడానికే. 2007లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చాడ్ మిర్కిన్ బృందం బంగారు నానో కణాల మీద డీఎన్ఏని ఒత్తుగా అమర్చింది. బంగారమే వెలుగుని మింగుతుంది, ఎంజైముల నుంచి కొంత కాపాడుతుంది కూడా. మొదట మెసెంజర్ ఆర్ఎన్ఏ కోసం చేసిన ఈ పద్ధతి తర్వాత మైక్రోఆర్ఎన్ఏకీ వచ్చింది.

ఇంకో మాట. మిర్-21 ఆరోగ్యంగా ఉన్న కణాల్లోనూ ఉంటుంది. కాబట్టి ఉందా, లేదా అన్నది కాదు ప్రశ్న, ఎంత ఉంది అన్నది. ఇఫ్-ఎల్స్ అక్కడే ఫెయిల్!

2024లో ఆంబ్రోస్, రవ్‌కున్‌లకి నోబెల్ వచ్చింది. కణంలోకి పంపే ఈ దీపాలు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ల్యాబు పనిముట్లే. రేపు ఎవరైనా 'కణం వెలిగితే క్యాన్సర్' అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే ఒక్కటే అడగండి: వెలగకూడనప్పుడు అది వెలగలేదని ఎలా తేల్చారు? మళ్లీ కలుద్దాం!