గ్రోవానె దగ్గర తెగిన దారి

చిన్న రైలుమార్గం మూతపడినప్పుడల్లా మనకు ఒకే కారణం వినిపిస్తుంది: లారీలు వచ్చాయి, రైలుకు నష్టం వచ్చింది, కనుక అది పోయింది. ఇది అర్ధసత్యమని నా అభిప్రాయం. దక్షిణ నార్వేలోని సేతెస్‌డాల్ మార్గం చరిత్రే ఇందుకు సాక్ష్యం.

క్రిస్టియన్‌సాండ్ రేవు నుండి ఓత్రా నదీలోయ వెంట బిగ్లాండ్స్‌ఫ్యోర్డ్ వరకు, 78 కిలోమీటర్ల యీ దారి 1896లో పూర్తయింది. అక్కడి నుండి పైవూళ్ళకు సరస్సు మీద ఆవిరి పడవ ఉండనే ఉంది. పట్టాల నడిమి వెడల్పు 1067 మిల్లీమీటర్లు. ప్రామాణిక మార్గానికి అది 1435. బీదదేశానికీ, కొండనేలకూ చవకైన రైలు కావాలని ఇంజనీరు కార్ల్ పీల్ 1862లో నార్వేలో ప్రవేశపెట్టిన కొలత ఇది. ఇరుకుదారిని కొండవాలు వెంట మలుపులు తిప్పుకుంటూ పోవచ్చు, తవ్వకం తగ్గుతుంది. ఆ చవకదనమే లేకపోతే లోయకు రైలే వచ్చి ఉండదు. అయితే తర్వాతి చిక్కుకు బీజం కూడా అందులోనే ఉంది.

1938లో ఓస్లో నుండి పెద్దలైను క్రిస్టియన్‌సాండ్ చేరింది. గ్రోవానె నుండి రేవు దాకా ఉన్న 20 కిలోమీటర్ల పాతదారి అందులో కలిసిపోయి వెడల్పయింది. పైనున్న 58 కిలోమీటర్లు ఇరుకుగానే మిగిలాయి. అప్పటినుండి లోయలోని కలప ఏదైనా రైలు మీద రేవు చేరాలంటే గ్రోవానెలో దింపి, మరో బండికి ఎత్తవలసిందే. రేవును రాజధానితో కలిపిన పనే లోయను రేవునుండి విడదీసింది. ఏవ్యే దగ్గరి నికెల్ గని 1946లో మూతపడటంతో మరొక ఆధారమూ పోయింది. రైతుకు లారీ వాకిటి దాకా వస్తుందన్న మాట నిజమే. కాని కాలు విరిచిన తర్వాత పెట్టిన పరుగుపందెం అది. 1962 సెప్టెంబరులో మార్గాన్ని మూసివేశారు.

మనం గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ రైలు ప్రైవేటు కంపెనీది కాదు, ప్రభుత్వానిది. యాజమాన్యం ప్రజలదైనంత మాత్రాన లెక్కల పద్ధతి ప్రజలది కాదు. పెద్దలైను వల్ల దేశానికి కలిగిన లాభం ఒక పద్దులోనూ, అదే పనివల్ల లోయకు కలిగిన నష్టం చిన్నలైను పద్దులోనూ పడితే, చిన్నది దివాలా తీయక ఏంచేస్తుంది?

1964లో కొందరు ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి కొంతదారిని కాపాడారు. నేడు గ్రోవానె, ర్యోయిక్నెస్‌ల మధ్య సుమారు 8 కిలోమీటర్ల మేర వేసవిలో ఆవిరిబండి నడుస్తున్నది. వారి శ్రమ గౌరవించదగినదే. కాని మ్యూజియం బండి కలప మోయదు, లోయవాసిని రేవుకు చేర్చదు. కనుక ఎక్కడైనా ఒక మార్గం నష్టాల్లో ఉందని విన్నప్పుడు, విద్యార్థులు మొదట పటం తెరవాలని నేను కోరుతాను. దారిని ఎక్కడ, ఎప్పుడు, ఎవరి అవసరానికి తెంచారో చూసిన తర్వాతనే పద్దుపుస్తకం తెరవాలి.