కమాను కథ

చార్మినార్ చూడని తెలుగువాళ్లు తక్కువే గానీ, దాని పక్కనే ఉన్న చార్‌కమాన్‌ను తలెత్తి చూసేవాళ్లు మరీ తక్కువ. గాజుల బేరం ధ్యాసలో వాటి కిందనుంచే నడిచిపోతాం. కమాన్ అంటే పారశీకంలో విల్లు. విల్లులా వంగింది గనక ఆ ద్వారం కమాను అయింది. అలాగే వంగిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి బండి కింద బిగిస్తే అదీ కమానే అయింది. రాతి కమాను బరువు మోస్తూ కదలకుండా నిలబడుతుంది. ఉక్కు కమాను బరువుకి వంగి, మళ్లీ లేస్తుంది. ఈ రెండో రకం మోత ఎలాంటిదో ఇల్లాళ్లకి వేరే చెప్పాలా?

ఈ కమాన్లు మోటారు కంటే పాతవి. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అనే బండ్ల తయారీదారు గుర్రబ్బండికి వీటిని అమర్చే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. అంతకుముందు బండి ఎక్కితే దిగేలోగా నడుం సంగతి దేవుడెరుగు! తర్వాత గుర్రం పోయి ఇంజను వచ్చింది గానీ కమాను మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంకో విచిత్రం. తొలినాటి కార్లన్నీ ఎత్తుగానే ఉండేవి. 1908 నుంచి 1927 దాకా అమెరికాలో ఫోర్డు కంపెనీ కోటిన్నర మోడల్ టీ కార్లు చేసింది. అవి తిరగాల్సినవి పల్లెటూరి బురద దారులు. అందుకే నేలకీ బండి అడుగుకీ మధ్య దాదాపు పది అంగుళాల ఖాళీ ఉంచారు. ఆనక రోడ్లు నున్నబడ్డాయి, కార్లు నేలకు దిగాయి. రోడ్డు బాగుపడేకొద్దీ కారు కుంగిందన్నమాట. అలా కుంగిన దాన్ని మళ్లీ పైకి లేపాలనే సరదా ఈనాటి కుర్రాళ్లది.

మధ్యలో యుద్ధం వచ్చి జీపును తెచ్చింది. 1941 నుంచి విల్లీస్ జీపులు రాళ్లలో, బురదలో, ఇసుకలో పరుగెత్తాయి. మన దేశంలో 1947లో మహీంద్రా వాళ్లు వాటిని బిగించడం మొదలుపెట్టారు. 1952లో సమాజ వికాస పథకం వచ్చాక బ్లాకు ఆఫీసు జీపు ఊళ్లోకొస్తే పిల్లలందరూ దుమ్ములో దాని వెంట పరుగెత్తేవారు. నాలుగు చక్రాల దగ్గరా కమాన్లే. కూర్చున్నవాళ్లకి సుఖం లేదు గానీ వెళ్లలేని చోటూ లేదు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీదీ అదే వరస.

ఇక మా మన్సూరాబాద్ సంగతి. ఇటు విజయవాడ రోడ్డు, దగ్గర్లోనే ఆటోనగర్, ఆ రోడ్డుకు అవతల మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడది నిజాముల వేటస్థలం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల కాలంలో, 1975లో, దానికి ఆయన పేరు పెట్టి కృష్ణజింకలకు అప్పగించారు. వేటాడిన నేల మీద జింకలకే పట్టా దొరికింది! ఆ రోడ్డుకు ఈ పక్కన మాత్రం ఇనుము మీద సుత్తి దెబ్బ పడుతూనే ఉంటుంది.

మా వీధిలో ఒక ఇంట తాతగారి నాటి జీపుంది. మనవడు దాన్ని రెండంగుళాలు పైకి లేపిస్తానంటాడు. “పిన్నిగారూ, అనంతగిరి కొండల్లోకి పోతే కింద రాళ్లు తగలకుండా ఉంటాయి” అని వాడి వాదన. “ఇప్పుడే ఎక్కలేక చస్తున్నా, ఇంకా లేపితే నన్ను నిచ్చెన వేసి ఎక్కిస్తాడా?” అని నాయనమ్మ ప్రతివాదన. ఆటోనగర్ పాత మేస్త్రీ మాత్రం తాపీగా ఒక మాటన్నాడట: “బాబూ, బండి లేపుడు ఒక్క పూట పని. లేపినంక దాన్ని సముదాయించుడే అసలు పని.”

ఆ మాటలో శాస్త్రమంతా ఉంది. ఏళ్ల తరబడి మోసిన కమాను పట్టీలు చదునవుతాయి. వాటిని మార్చి కొత్తవి వేస్తే పోయిన ఎత్తు పోయినంత తిరిగొస్తుంది. చాలా పాత బళ్లకు అదే చాలు. అది చాలదంటే ఇంకో పట్టీ కలుపుతారు, లేదా ఎక్కువ వంపున్న కమాన్లు వేస్తారు. అప్పుడు మొదలవుతాయి అలకలు. షాక్ అబ్జార్బర్లు పొడవు చాలవంటాయి. బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. ఇంజను నుంచి చక్రాలకు శక్తి తెచ్చే షాఫ్టు వాలు మారి వణుకుతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. కోడలు వచ్చాక ఇంట్లో ప్రతివాళ్లూ కాస్త జరిగి కూర్చోవాల్సినట్టే, ఇవన్నీ సర్దుకోవాలి.

అసలు తమాషా ఏమిటంటే, కమాను లేపితే లేచేది బండి ఒళ్లే. చక్రాల మధ్య యాక్సిల్, దాని బొడ్డులాంటి గుండ్రటి పెట్టె ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. రాయి ముందుగా తగిలేది దానికే! అది లేవాలంటే పెద్ద టైర్లు వెయ్యాలి. ఆ టైర్లు పట్టే చోటు కోసమే నిజానికి ఒంటిని లేపడం.

మరి ప్రమాదం? గడ్డిబండి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మోపు ఎత్తు పెరిగేకొద్దీ మలుపులో ఎద్దుల కంటే ముందు మనకే గుండె ఝల్లుమంటుంది. బరువు పైకి పోతే బండి పల్టీకి దగ్గరవుతుంది. చట్టం కూడా ఊరుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన మూలరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆర్.సి. పుస్తకంలో ఒకటీ, రోడ్డు మీద ఇంకొకటీ ఉంటే రేపు ఏదైనా జరిగినప్పుడు బీమా దగ్గరా చిక్కే.

ఇవన్నీ విన్నాక ఆ ఇంట రాజీ కుదిరింది. ముందు అరిగిన కమాన్లు మార్చి, బ్రేకులు బాగుచేయించి, తాతగారు నడిపిన నాటి ఎత్తుకి తెస్తారు. అంతటితో ఆగుతారు. కొండ ఎక్కడం ఎత్తు కంటే చెయ్యి తిరగడంలోనే ఉందని మేస్త్రీ అన్నాడట. నాయనమ్మ మాత్రం ఆ పాత ఎత్తుకైనా సరే, ఒక చిన్న ముక్కాలిపీట సీటు కింద పెట్టించాకే మనవడికి తాళం చెవి ఇచ్చింది.