కాపురం ఏ ఊళ్ళో?

మన భాషలో ఆడపిల్ల కాపురానికి వెళ్తుంది. మగవాడు కాపురం పెడతాడు. రెండూ ఒకే కాపురం గురించిన మాటలే. కానీ 'వెళ్ళడం'లో ఆ చోటు ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. 'పెట్టడం'లో నిర్ణయించే మనిషి కనిపిస్తాడు. ఎప్పుడైనా అతనే ఆమె ఇంటికి వెళ్తే ఆ పనికి వేరే పేరుంది: ఇల్లరికం. ఆ మాట వినగానే ఇప్పటికీ ఓ వంకర నవ్వు వస్తుంది. 1959లో ఆ పేరుతోనే ఒక సినిమా వచ్చింది. ఆడవాళ్ళు తరతరాలుగా చేస్తున్న పనే మగవాడు చేస్తే అది కథావస్తువు అయింది!

ఇది పెళ్ళినాటితో అయిపోయే సంగతి కాదు. సంసారం పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు పుడతారు, అత్తమామలు వచ్చి చేరతారు, ఉన్న ఊళ్ళో బడి చాలదు, జీతం చాలదు. 'ఇక ఏ పట్నానికి వెళ్దాం' అనే ప్రశ్న గత డెబ్బై ఎనభై ఏళ్ళుగా తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో తలెత్తుతూనే ఉంది. రాజధానులు మారిన చరిత్ర మన పుస్తకాల్లో తారీఖులతో సహా ఉంది. వాటి వెంట ఇళ్ళు మార్చుకున్న స్త్రీల చరిత్ర మాత్రం లేదు. ఆ ఊరు ఎవరు ఎంచారు, ఎంచడంలో ఆమె మాటకి విలువ ఉందా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. ఉద్యోగాల వెంట పట్నాలు మారిన ఇళ్ళ వరకే ఇక్కడ మాట్లాడుతున్నాను. కరువుకి ఊరొదిలిన కూలి కుటుంబాల వలస దీనికంటే పెద్ద కథ. దాన్ని ఇందులో ఇరికిస్తే రెంటికీ న్యాయం జరగదు.

1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో రాయలసీమే కోరుకోవచ్చని అందులో రాసుకున్నారు. ఆ ప్రకారమే 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. హైకోర్టు గుంటూరుకి వెళ్ళింది. కర్నూల్లో కట్టడాలు చాలక ఆఫీసులు, ఉద్యోగులు గుడారాల్లో ఉన్న సంగతి అందరికీ తెలుసు. మూడేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదు. అంటే మద్రాసు సచివాలయంలో పనిచేసిన గుమాస్తా భార్య మూడేళ్ళలో మూడు ఊళ్ళలో పొయ్యి పెట్టుకుంది.

మా అమ్మమ్మ అలాంటి వాళ్ళలో ఒకరు. కర్నూలు గురించి అడిగితే ఆవిడ రాష్ట్రావతరణ మాట ఎత్తేవారు కాదు. నీళ్ళ మాట చెప్పేవారు. మద్రాసు వాటాలో కుళాయి ఉండేది, కర్నూల్లో బావి, అదీ వీధి చివర. రెండో సంగతి పుట్టిల్లు. మద్రాసు నుంచి తెనాలికి ఒక రాత్రి రైలు ప్రయాణం. కర్నూలు నుంచి రైళ్ళు మారాలి, చంకలో ఒక పిల్ల, కడుపులో ఒకరు. నిండు గర్భిణి పురిటికి వెళ్ళడానికి ఎన్ని రైళ్ళు మారాలన్నది ఏ శ్రీబాగ్ చర్చలోనూ లెక్కకి రాలేదు. వచ్చి ఉంటే రాజధాని మారేదని కాదు. ఆ లెక్క వేయగలిగిన వాళ్ళు ఆ గదిలో లేరన్నది నా మాట.

హైదరాబాదు విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ ఊరికి చేరడమే కాదు, ఆ ఊరివాడివని అనిపించుకోవాలి. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలు ఉద్యోగాలకి స్థానికతను నిర్వచించాయి. బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్ళు నివాసం ఉంటే ముల్కీ అవుతాడు. తండ్రి పదిహేనేళ్ళు సర్కారు కొలువు చేసి ఉంటే, ఆ కొలువులో ఉండగా పుట్టిన కొడుకు ముల్కీ అవుతాడు. ఇక స్త్రీ గురించి ప్రత్యేకంగా ఒక వాక్యం పెట్టారు: ముల్కీ భార్య అయితే ఆమె ముల్కీ. మగవాడికి ఊరితో సంబంధం పుట్టుక వల్లో నివాసం వల్లో కొలువు వల్లో వచ్చింది. ఆమెకి మొగుడి ద్వారా కూడా వచ్చింది. తల్లి ద్వారా మాత్రం ఎవరికీ రాలేదు.

ముల్కీ నిబంధనల మీద నడిచిన పోరాటాలు, 1969, 1972 ఉద్యమాలు, ఇరువైపులా పోయిన ప్రాణాలు, తెలంగాణకి జరిగిన అన్యాయం, వీటిని నేను తక్కువ చేయడం లేదు. స్థానికులకి రక్షణ అడగడం న్యాయమే. కానీ ఆ రక్షణని ఎవరి పేరున రాశారో చూడాలంటున్నాను. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన ఒప్పందం పేరే 'పెద్దమనుషుల ఒప్పందం'. సంతకాలు చేసిన ఎనిమిది మందీ పురుషులు. మన భాషలో ఆడపిల్ల కూడా పెద్దమనిషి అవుతుంది, పన్నెండో ఏటో పదమూడో ఏటో. ఆ తర్వాత ఆమెను మూల కూర్చోబెడతారు, ఒప్పందాలకి పిలవరు.

అయితే ఊరు మారడం స్త్రీలకి నష్టమేనని తేల్చేస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. భండారు అచ్చమాంబ (1874-1905) నందిగామలో పుట్టింది. భర్త ఉద్యోగం వల్ల మధ్య పరగణాలకి వెళ్ళింది. ఊరూ వాళ్ళూ కాని ఆ చోటే ఆమెకి కొత్త భాషలు నేర్పింది, అబలా సచ్చరిత్ర రత్నమాల రాసే చూపునిచ్చింది. ఇల్లిందల సరస్వతీదేవి నరసాపురంలో పుట్టి పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చింది. 1982లో ఆమె కథలకి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దుర్గాబాయి మద్రాసులో ఆడపిల్లలకి కాశీ మెట్రిక్యులేషన్ పాఠాలు చెబుతూ మొదలుపెట్టిన పని 1937 నాటికి ఆంధ్ర మహిళా సభ అయింది. పట్నం అంటే అత్తగారి కన్ను కాస్త దూరం కావడం, గ్రంథాలయం దగ్గర కావడం, నడిచి వెళ్ళే దూరంలో ఆడపిల్లల కాలేజీ ఉండటం. 1924లో మొదలై 1949లో కోఠీలోని పాత రెసిడెన్సీ భవనంలోకి మారిన మహిళా కళాశాల ఎన్ని కుటుంబాలని హైదరాబాదుకి అంటిపెట్టుకునేలా చేసిందో మన ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే తెలుస్తుంది. కాబట్టి మా అమ్మమ్మలు ఊరు మారినందుకు ఏడ్చారని కాదు. వాళ్ళు ఊరిని తూచే తూకం వేరు, తూచే అవకాశం వాళ్ళకి లేదు.

కోర్టు కాగితాల్లో మాత్రం ఈ సంగతి దాపరికం లేకుండా బయటపడుతుంది. భార్యని పుట్టింటి నుంచి తీసుకుపోను అని పెళ్ళికి ముందే రాసిచ్చిన భర్త, తర్వాత మాట మార్చి ఆమె తనతో రావాలని కోర్టుకెక్కాడు. 1901లో కలకత్తా హైకోర్టు ఆ ఒప్పందమే చెల్లదంది. భార్య భర్త ఇంట ఉండాలన్నది హిందూ ధర్మమనీ, ఒప్పందాలతో దాన్ని మార్చలేమనీ వాదన. 1955 హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ' అన్న పెద్ద పేరు కనిపిస్తుంది. కానీ తీర్పుల ధోరణి చాలాకాలం మారలేదు. పెళ్ళికి ముందు అల్లుడు ఇల్లరికానికి ఒప్పుకున్న సందర్భంలో కూడా, భర్త ఎక్కడ ఉంటే భార్య అక్కడ ఉండాలనే మన హైకోర్టు కూడా 1960లలో చెప్పింది. ఇల్లటపు అల్లుడికి ఆస్తి హక్కులున్నాయని మద్రాసు కోర్టులు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఒప్పుకుంటూ వచ్చిన తెలుగు నేల మీద ఈ మాట! ఆస్తి దగ్గర ఆచారం చెల్లింది. ఆడదాని నివాసం దగ్గరికి వచ్చేసరికి శాస్త్రం గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఉద్యోగం చేసే భార్యలు కోర్టు ముందుకు వచ్చారు. తీరథ్ కౌర్ ఉద్యోగం వదిలి రాలేనంది. 1964లో అచ్చయిన పంజాబ్ హైకోర్టు తీర్పు భర్త పక్షమే. 1977లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఫుల్ బెంచి కైలాశ్‌వతి కేసులో ఇంకా విడమరిచి చెప్పింది. ఆమె టీచరు, ఆయనా టీచరే. ఉద్యోగం చేసుకోవచ్చు గానీ, కాపురం ఎక్కడన్నది నిర్ణయించే హక్కు భర్తదే. మరుసటి ఏడు ఢిల్లీ హైకోర్టులో స్వరాజ్ గార్గ్ కేసు వచ్చింది. ఆమె పంజాబ్‌లోని సునామ్‌లో ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు. భర్త ఢిల్లీలో. అతని ఉద్యోగం ఆమెదంత బాగా లేదు. ఉన్న ఉద్యోగం వదులుకుని నా దగ్గరికి రావాలని అతని పట్టు. జస్టిస్ వి.ఎస్. దేశ్‌పాండే అడిగిన ప్రశ్న చాలా మామూలుది: ఇద్దరూ సంపాదిస్తున్నప్పుడు ఇల్లు ఎక్కడన్నది ఒక్కరే ఎందుకు తేల్చాలి? అలాంటి హక్కు భర్తకే ఇచ్చే సూత్రం ఏదైనా ఉంటే అది రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధమని ఆయన తేల్చారు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమన్నారు. పెళ్ళికి ముందు ఆ ఇద్దరూ ఎక్కడ ఉండాలన్నది మాట్లాడుకోనేలేదు.

1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో 9వ సెక్షన్‌నే కొట్టేశారు. స్త్రీ శరీరం మీద, ఏకాంతం మీద రాజ్యానికి హక్కు లేదన్న ఆ తీర్పు స్త్రీవాదులందరం చదవాల్సింది. మరుసటి ఏడే సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ బతికింది. 2025 జనవరిలో మాత్రం, అలాంటి డిక్రీ ఉన్నా భర్త దగ్గరికి వెళ్ళని భార్యకి తగిన కారణముంటే మనోవర్తి ఇవ్వాల్సిందేనని అదే కోర్టు చెప్పింది.

మళ్ళీ మన ఊళ్ళకి వద్దాం. 1975 అక్టోబర్ 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికతకి కొత్త కొలత తెచ్చింది. మొగుడు, తండ్రి కాక, చదువు. ముఖ్యంగా చెప్పాలంటే, అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతపు స్థానిక అభ్యర్థి. కాలేజీ సీట్లలో కూడా 1974 ఉత్తర్వుతో నూటికి 85 స్థానికులకే. దీని ఫలితం ఇంట్లో ఎలా ఉంది? బదిలీల ఉద్యోగస్తుడి ఇంట్లో పిల్లవాడు ఆరో తరగతికి వచ్చేసరికి తల్లి వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టింది. ఈ నాలుగేళ్ళూ కదలకూడదు. ఆయన బదిలీ మీద వెళ్తాడు, ఆమె పిల్లలతో ఉండిపోతుంది. మొట్టమొదటిసారి ఊరు ఎంచడంలో ఆమె లెక్క చెల్లింది. కానీ అది ఆమె కోసం వేసుకున్న లెక్క కాదు. తర్వాతి కాలంలో ఇంటర్ కాలేజీల కోసం గుంటూరు, విజయవాడల్లో గది అద్దెకి తీసుకుని కొడుక్కి వండిపెట్టిన తల్లులు, ఎమ్సెట్ కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ చేరిన తల్లులు ఎందరో. వాళ్ళ భర్తలు శనివారం సాయంత్రం బస్సులో వచ్చి ఆదివారం రాత్రి వెళ్ళిపోయేవారు. రెండు ఇళ్ళ కాపురం అని దానికి పేరు పెట్టారు గానీ, రెండిళ్ళలో వంట ఎవరు చేశారన్నది ఎవరూ రాయలేదు. ఆదివారం ఆమె వండిన పచ్చళ్ళూ పొడులూ డబ్బాల్లో రెండో ఇంటికి వెళ్ళేవి.

2014లో రాష్ట్రం విడిపోయాక ఈ కథ తలకిందులైంది. 2016 జూన్ చివర ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడికి కదిలారు. ఈసారి ఉద్యోగుల్లో స్త్రీలు చాలామంది ఉన్నారు. వారానికి ఐదు రోజుల పని, ఉమ్మడి ఫ్లాట్లలో ఉచిత వసతి, హైదరాబాదుకి రాకపోకల రైలు. నిర్ణీత గడువులోగా తరలివెళ్ళిన కుటుంబాల పిల్లలని అక్కడ స్థానికులుగా గుర్తించేందుకు రాష్ట్రపతి ఉత్తర్వుని కూడా సవరించారు. 1953లో గుడారంలోకి భార్య వెంట వచ్చింది. 2016లో భార్య వెంట భర్త వచ్చిన ఇళ్ళు మన చుట్టుపక్కల ఎన్ని? నాకు తెలిసిన వాళ్ళలో ఒక్కటీ లేదు. ఆయన ఉద్యోగం హైదరాబాదులో, పిల్లల చదువు హైదరాబాదులో, ఆమె సోమవారం తెల్లవారుజామున రైల్లో. శుక్రవారం రాత్రి ఇంటికి చేరాక వారం పప్పులూ కూరలూ ఫ్రిజ్‌లోకి. కాపురం కదలలేదు, ఆమె ఒక్కతే కదిలింది. అటు అమరావతి కోసం భూములిచ్చిన పల్లెల్లో 2019 డిసెంబర్ నుంచి శిబిరాల్లో కూర్చుని రాజధాని మాదని అడిగిన వాళ్ళలో ముందు వరుస స్త్రీలదే. రాజధాని ఏ ఊళ్ళో అన్న చర్చలో తెలుగు స్త్రీ గొంతు అంత గట్టిగా వినిపించడం బహుశా అదే మొదటిసారి.

ఈ చరిత్ర రాయాలంటే ఆధారాలెక్కడ అని విద్యార్థినులు అడుగుతుంటారు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఆధారం ఆ స్త్రీల నోటి మాటే. ఇప్పటికీ ఆ తరం వాళ్ళు కొందరు ఉన్నారు, వెళ్ళి అడగాలి. రేషన్ కార్డుల మీద కొట్టేసిన చిరునామాలు, గ్యాస్ కనెక్షన్ బదిలీ కాగితాలు, అద్దె ఇంటి రసీదులు ఇనప్పెట్టెల్లో ఉంటాయి. మా అమ్మ దాచిన కట్టలో నావి మూడు స్కూలు టీసీలున్నాయి, మూడు ఊళ్ళవి. బడి విడిచిపోవడానికి కారణం అన్న గడిలో మూడింటిలోనూ ఒకటే మాట: తండ్రి బదిలీ. వాటితోపాటు టీసీ ఇప్పించమని హెడ్మాస్టరుకి పెట్టిన దరఖాస్తు నకలు ఒకటి ఉంది. చేతిరాత అమ్మది. సంతకం నాన్నది.