చేపకు కొలబద్ద



చెఱువుకట్టపై నలుగురు పెద్దలు కూర్చున్నచో చేపల ప్రసక్తి రాకమానదు. ఒకరు చేయి చాచి, "మూరెడున్నది" అందురు. వేఱొకరు, "లేదు, జానెడే" అందురు. ఇద్దఱును సత్యవాదులే. నాలుగు వ్రేళ్ళు బెత్త, మూడు బెత్తలు జాన, రెండు జానలు మూర యని మనకు లెక్క కలదు గాని, ఒకరి జాన మఱియొకరి జానతో సరిపోదు. పూలమూరలో ఈ భేదము సహింపదగినదే. గాలమునకు దొరకిన చేపను ఇంటికి గొనిపోవలెనా, తిరిగి నీట విడువవలెనా యని నిర్ణయించుకొను వేళ మాత్రము అది సహింపదగినది కాదు. ఆ నిర్ణయమునకు కొలత యెట్లు ఆధారమాయెనో, దానికి తగిన కొలబద్ద యెట్టిదో నేడు విన్నవించుకొందును.

జలచరములను మితము మీరి చంపరాదను భావము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. అశోక చక్రవర్తి తన పట్టాభిషేకమునకు 26 ఏండ్లు గడచిన పిమ్మట వేయించిన అయిదవ స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదనియు, పున్నమ మొదలగు కొన్ని దినములలో చేపలను చంపుటయు అమ్ముటయు కూడదనియు ఆజ్ఞాపించెను. ఆ స్తంభము లుత్తరదేశమున నున్నను, జీవహింసను వారించు ఆయన శిలాశాసనములు మన గుత్తికి సమీపమున ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై నేటికిని కలవు. ఇచట రక్షణకు ఆధారము తిథి. చేప పొడవు కాదు.

పొడవును శాసనమున కెక్కించిన దేశములలో ఇంగ్లండు ఒకటి. అచట 1285లోనే సాల్మన్ చేపను కొన్ని మాసములు పట్టరాదని చట్టము చేసిరి. 1558వ సంవత్సరపు దానిగా పేర్కొనబడు ఎలిజబెత్ రాణి నాటి చట్టము మఱియొక యడుగు ముందునకు వేసి, సాల్మన్ 16 అంగుళములు, ట్రౌట్ 8 అంగుళములు, పైక్ 10 అంగుళములు లేనిదే పట్టరాదని విధించెను. నాటినుండి జాలరి చేతికి వలతోపాటు కొలతయు అవసరమయ్యెను.

మన చెన్నపురి రాజధానిలో ఈ విచారము పందొమ్మిదవ శతాబ్దమున ప్రబలెను. వైద్యాధికారియైన ఫ్రాన్సిస్ డే దేశమందలి నదులను, చెఱువులను పరిశీలించి, సన్నకన్ను వలలచే పిల్లచేపలు నశించుచున్నవని 1873లో నివేదిక సమర్పించెను. ఆ యేడే దక్షిణ కన్నడమున కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ గాలపువేటపై నొక గ్రంథము ప్రకటించెను. 1887లో చెఱువులలో గాలము వేయుటను గూర్చి ప్రత్యేకముగ వేఱొక గ్రంథము వ్రాసెను. తుదకు 1897లో భారత మత్స్యపరిశ్రమ చట్టము వచ్చెను. అది నీటిలో మందుగుండు ప్రేల్చుటను, విషము కలుపుటను నిషేధించి, వలల ప్రమాణమును నిర్ణయించు అధికారమును ప్రభుత్వముల కొసగెను.

వలకన్నును కొలుచుటకును, చేపను కొలుచుటకును భేదము కలదు. వలకన్ను పెద్దదైనచో పిల్లచేప తానే తప్పించుకొని పోవును. గాలమో, అట్లు ఎంచుకొనజాలదు. చిన్నదానిని, పెద్దదానిని ఒకే తీరున పట్టును. కావున గాలము వేయువాడు చేప చేతికి వచ్చిన పిమ్మటనే కొలువవలెను. విడువదలచినచో ప్రాణముండగనే విడువవలెను. మంచి చేప యొక్కమారు పట్టబడుటతోనే ముగిసిపోదగినది కాదని 1939లో అమెరికాదేశపు వేటకాడు లీ వుల్ఫ్ ప్రబోధించెను. క్రమముగ ఇది వినోదార్థము గాలము వేయువారిలో ఆచారమై, కొలతపలకయు వారి సామగ్రిలో చేరెను.

ఇక మన సీమ మాట. నందికొండలలో పుట్టిన చిత్రావతి పుట్టపర్తి ప్రక్కగా పారును. బుక్కపట్టణము, ధర్మవరము చెఱువులకు ఆ నీరు ఆధారము. ఏరు ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకయే. ఇట్టి చెఱువులలో చేపలన్నిటికిని ఒకే న్యాయము చెల్లదు. బొచ్చె, రోహు, మోసు జాతులు పారు వరదనీటిలో గ్రుడ్లు పెట్టునవి. నిలువనీటి చెఱువులో సాధారణముగ పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి మొదలగు శాస్త్రజ్ఞులు ఒడిషాలో మందుసూదులతో వీనిచే గ్రుడ్లు పెట్టించుట సాధించిన పిమ్మటనే పిల్లల సరఫరా సులభమయ్యెను. కావున చెఱువులో చిన్న బొచ్చెను విడుచుట సంతానము కొఱకు కాదు, పెరుగుదల కొఱకు. పొడవు రెండింతలైనచో చేప బరువు ఇంచుమించు ఎనిమిదింతలగును. 6 అంగుళముల చేపను నేడు తినినవాడు 12 అంగుళముల చేపలో ఎనిమిదవ పాలు మాత్రమే తినినట్లు.

కొఱ్ఱమీను సంగతి వేఱు. అది చెఱువులోనే గూడు కట్టి గ్రుడ్లు పెట్టి, ఎఱ్ఱని పిల్లలగుంపును కాచి తిరుగును. ఆ వేళ పెద్దచేపను పట్టినచో పిల్లల కావలి పోవును. దానియెడల కొలబద్దకంటె కన్నే ముఖ్యము: క్రింద పిల్లలు కదలుచున్నచో, తల్లి మూరెడున్నను విడువవలెను.

కొలబద్ద నెన్నుకొనుటలో నాలుగంశములు గమనింపుడు. మొదటిది, చేప మూతి ఆనించుటకు ఒక కొన నిలువుపలక యుండవలెను. అంకెల మొదలు సరిగా ఆ పలక లోపలి ముఖము నుండియే ప్రారంభము కావలెను. అంగడిలోనే ఒక అడుగుబద్ద నుంచి సరిచూచుకొనుడు. రెండవది, లోహపు పలక మన యెండలో పెనమువలె కాగును. లేతరంగు ప్లాస్టిక్ పలకయో, నున్నగా చిత్రికపట్టి రంగువేసిన చెక్కయో మేలు. మూడవది, గీతలు చెక్కినవై యుండవలెను. పైపూత గీతలు కొలదికాలములోనే చెరగిపోవును. ఉంచుకొనదగిన పొడవునకు ఎఱ్ఱగీత యొకటి పెట్టినచో మసకవెలుతురులో ముసలికంటికి సైతము కానవచ్చును. నాల్గవది, అంచులు కొంచెము లేచి యుండవలెను. మేకులు, పొళుకులు ఉండరాదు.

కొలుచు విధమును నేర్వదగినదే. చేతులను, పలకను ముందుగా తడుపవలెను. చేప పైనున్న జిగురు దానికి కవచము; పొడిచేయి దానిని తుడిచివేయును. మూతి మూసి పలక కానించి, తోక చివరవఱకు చూడవలెను. బొచ్చె వంటి చీలుతోక చేపలకు చీలిక మొదటికా, కొనకా యని ఊరివారు ముందే నిర్ణయించుకొనవలెను. లేనిచో ఒకే చేప ఇద్దఱి చేతులలో రెండు పొడవు లగును. కొఱ్ఱమీను తోక గుండ్రన గనుక ఈ తగవు లేదు. అది గాలి పీల్చి కొంతసేపు ఓర్చుకొనును. బొచ్చె ఓర్వజాలదు.

ఒక సందేహము మీకు కలుగవచ్చును. కరవుసీమలో పట్టినదానిని విడుచుట వివేకమా? చెఱువు నిండియున్ననాడు వివేకమే. వేసవి ముదిరి నీరు బురదగా మాఱినపు డక్కడ విడిచిన బొచ్చెపిల్ల పెరుగదు. ఎండలో చచ్చును, లేదా కొంగల పాలగును. అపుడు దానిని పట్టి యొకరి ఆకలి తీర్చుటయే న్యాయము. కావున ఎఱ్ఱగీతతోపాటు ఏ నీటిమట్టము వఱకు ఆ గీత చెల్లునో కూడ పెద్దలు నిర్ణయింపవలెను. తూమురాతిపై నొక గుర్తు చాలును.

పూర్వులు ఈ విషయమున మనకు దారి చూపియే యున్నారు. కడప మండలములోని పోరుమామిళ్ళ చెఱువు శాసనమున, 1369లో, కట్ట కొలతలను శిలపై చెక్కించిరి. కట్టకు కొలత యున్నచో తగవు తగ్గునని వారెఱుగుదురు. చేపకును ఒక కొలత, ఊరందఱికి ఒకే కొలత, కట్టమీద నుండుగాక. పిల్లవాడు మొదటిసారి గాలము వేసి జానెడు చేపను పట్టి వచ్చినపుడు, మీ మాటకంటె ముందు ఆ గీతయే వానికి సమాధానము చెప్పును.