కదలని సూర్యబింబం కోసం

నల్లకుంట నుంచి విద్యానగర్ మీదుగా తార్నాక వెళ్లేవాళ్లకు ఉస్మానియా అంటే ఆర్ట్స్ కాలేజీయే గుర్తొస్తుంది. ఆ క్యాంపస్‌లోని ఖగోళశాస్త్ర విభాగానికి నిజామియా అబ్జర్వేటరీతో ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన ఆ అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా చేతికొచ్చింది.

అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. నిజాం కాలేజీలో చదివాడు. 1949లో హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో హార్వర్డ్ వెళ్లాడు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టరయ్యాడు.

అంతకుముందటి డైరెక్టర్ ఎ.కె. దాస్ హయాంలో తలపెట్టిన సౌర టెలిస్కోపు అప్పటికి అక్కడ సిద్ధమవుతోంది. 11 మీటర్ల గోపురం మీది అద్దాలు ఎండను పట్టి నేలలోని 60 మీటర్ల సొరంగంలోకి పంపుతాయి. 38 సెంటీమీటర్ల కటకం అక్కడ సుమారు 34 సెంటీమీటర్ల సూర్యబింబాన్ని నిలుపుతుంది. బింబం మీద సన్నని చీలికను ఉంచి, అందులోంచి వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి చదవాలి.

చిక్కంతా ఆ చీలిక దగ్గరే. బింబంలో ఒక్క మిల్లీమీటరంటే సూర్యుడి మీద దాదాపు 4,000 కిలోమీటర్లు. ఉపరితలంపై మరిగే ఒక్కో వాయుకణిక వెడల్పు 1,000 కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. బింబం మిల్లీమీటరు జరిగితే మనం చదివేది నాలుగు కణికల అవతలి చోటు. అదీ ఎండ వేళే చూడాలి. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద గాలి ఎలా అల్లాడుతుందో, టెలిస్కోపు ముందూ అలాగే అల్లాడుతుంది. గాలి తాకిడికి అద్దాలూ అదురుతాయి. చదవాల్సిన తేడా కూడా చిన్నదే: సెకనుకు కిలోమీటరు వేగంతో కదిలే వాయువు కాంతి తరంగదైర్ఘ్యాన్ని మార్చేది మూడు లక్షల్లో ఒక వంతే. బింబం ఊగితే వేర్వేరు చోట్ల వేగాలు కలిసిపోయి ఆ చిన్న తేడా చెదిరిపోతుంది. 1909లో అదే కొడైకెనాల్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఎవర్‌షెడ్ సూర్యమచ్చల్లో వాయువు బయటికి పారడాన్ని ఇలాంటి తేడాతోనే పట్టాడంటే ఆయన ఓపికకు మొక్కాలి. 1971లో బప్పు, ఆయన సహచరుడు శివరామన్ వర్ణపటంలోని కాల్షియం రేఖ వెడల్పును సూర్యుడి మీది చిన్నచిన్న మెరుపు మచ్చలతో ముడిపెట్టారు. అదీ ఆ కోవ పనే.

తర్వాతి తరం బింబాన్ని వెంటాడి ఆపడం నేర్చింది. నక్షత్రమైతే ఒక చుక్కను గురిపెట్టుకోవచ్చు. సూర్యుడిలో చుక్క లేదు కాబట్టి కణికల అల్లికనే గుర్తుగా పెట్టుకున్నారు. కెమెరా సెకనుకు వందలసార్లు కొత్త బొమ్మను పాతదానితో పోల్చి ఎంత జరిగిందో లెక్కగడుతుంది. చిన్న అద్దం ఆ మేరకు ఎదురు ఒరిగి బింబాన్ని తిరిగి చీలిక మీదికి తెస్తుంది. కణికలు నిమిషాల్లోనే రూపు మారతాయి, అందుకే పోల్చే పాత బొమ్మనూ తరచూ మార్చాలి. మొత్తం పనిలో నన్ను అబ్బురపరిచేది ఇదే.

బప్పు బాల్యం నాటి అబ్జర్వేటరీ గుమ్మటాలు బేగంపేటలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) ఆవరణలో ఉన్నాయి. వాటిని బాగుచేసి మన పిల్లలకు చూపించే బాధ్యతను ప్రభుత్వం, ఉస్మానియా కలిసి తీసుకోవాలి.