ఆర్‌ఎఫ్ లెగ్

విమానం దిగే దారిలో స్థిర వ్యాసార్ధంతో గీసిన వంపు భాగం. వృత్త కేంద్రం, వ్యాసార్ధం, వంపు ముగిసే బిందువు, తిరగాల్సిన దిశ ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ డేటాబేస్‌లో ముందే ఉంటాయి. పైలట్ ఆ విధానాన్ని పేరుతో ఎంచుకోవాలే తప్ప బిందువులను టైపు చేసి కట్టుకోకూడదు.

మామూలు మలుపులో రెక్కల వాలును మార్చకుండా ఉంచితే గాలి విమానాన్ని పక్కకు నెడుతుంది, నేల మీద దారి మారిపోతుంది. ఇక్కడ దారి మారదు, వాలే మారుతుంది. 3 నాటికల్ మైళ్ల వ్యాసార్ధానికి, నేల వేగం 180 నాట్లయితే సుమారు 9 డిగ్రీల వాలు చాలు. వెనకగాలి తోడై 210 నాట్లకు చేరితే 12 డిగ్రీలు కావాలి. చార్టు మీది వేగ పరిమితిని తేలిగ్గా తీసుకోకూడనిది ఇందుకే.

ఇలాంటి వంపులను వాడుకునే ఆర్‌ఎన్‌పీ (విమానం దారిని ఎంత ఖచ్చితంగా పట్టుకోవాలో నిర్దేశించే) పద్ధతికి తొలి ప్రయోగశాల అలాస్కాలోని జూనో. 1996లో అలాస్కా ఎయిర్‌లైన్స్ అక్కడి కొండల నడుమ బోయింగ్ 737లను జీపీఎస్ సాయంతో దింపింది. న్యూజిలాండ్‌లోని క్వీన్స్‌టౌన్‌లో ఇప్పుడు వంపు దారులు మామూలే. ఇలాంటి చోట్ల ప్రత్యేక అనుమతి, శిక్షణ తప్పనిసరి. కోరే ఖచ్చితత్వం 0.1 నాటికల్ మైలు, అంటే దాదాపు 185 మీటర్ల దాకా బిగుస్తుంది.

ఎత్తును మాత్రం చాలా విమానాలు వాయుపీడనంతోనే కొలుస్తాయి. చలిలో విమానం ఎత్తు కొలిచే మీటరు చూపేదానికంటే కిందుంటుంది కాబట్టి చార్టుపై కనిష్ఠ ఉష్ణోగ్రతనూ ముద్రిస్తారు.