తనిఖీ అలిపిరిలోనా, కొండమీదా?

రంజాన్ ముందు ఒక ఆదివారం మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. సాయంత్రం ఇద్దరం అలిపిరి దగ్గర చాయ్ తాగుతూ నిలబడ్డాం. ఎదురుగా కొండెక్కే బండ్ల వరుస. ఒక్కో కారు ఆపి, డిక్కీ తెరిపించి, సామాను చూస్తున్నారు. మందు, మాంసం, పొగాకు పైకి పోకూడదు. మావాడు కాసేపు చూసి, "మామూ, మా ఆఫీసులో ఈ అలిపిరే లేదు" అన్నాడు.

వాడిది ఫోన్ యాప్‌లు రాసే నౌకరీ. యాప్ ఒకటే అయినా దాన్ని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క ఒక్కో జట్టుకి అప్పగిస్తారు. వాటినే మాడ్యూళ్ళంటారు. వీడి మాడ్యూల్‌కి కావాల్సిన ఒక వస్తువు ఇంకో జట్టు ఇవ్వాలి. ఆ జట్టు దాన్ని తీసేసింది. వీడికి ఖబర్ లేదు. యాప్ సాఫీగా తయారై జనం ఫోన్లలోకి పోయింది. అర్ధరాత్రి ఎవరో ఆ ఒక్క స్క్రీన్ తెరిచారు, యాప్ కూలిపోయింది. మర్నాడు మీటింగులో అందరి ముందూ "గలతీ నాదే" అని ఒప్పుకొని వచ్చాడు.

ఆ మాట నాకు కలుక్కుమంది. గలతీ వీడిదా, తనిఖీ పెట్టిన చోటుదా? నేను ఇంజనీరుని కాను. కానీ తారీఖ్ తవ్వడం నా పేషా. వాణ్ణి అడుగుతూ, చదువుతూ తవ్వాను.

ముందు విషయం సాఫ్‌గా చెప్పుకుందాం. వలీమాకి బావర్చీ వస్తాడు. బియ్యం, గోష్త్, కట్టెలు ఆయన కొనడు. చిట్టీ రాసిస్తాడు, ఇంటివాళ్ళు తెచ్చిస్తారు. అందుకే ఆయన ఏ ఇంట్లోనైనా వండగలడు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఒక ముక్క తనకి కావాల్సినవి తాను తయారుచేసుకోకుండా, బయటనుంచి ఎవరో అందించడాన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. చిట్టీలో ఉత్త "బియ్యం" అని రాస్తే రేషన్ బియ్యం రావచ్చు. "బాస్మతీ" అని రాసి, బస్తా గుమ్మం దగ్గర దిగగానే అదేనా కాదా చూసుకుంటే దాన్ని టైప్ సేఫ్టీ అనుకోండి. చూడకపోతే దేగ్ మూత తీసినప్పుడు తెలుస్తుంది. అప్పటికి మెహమాన్లు దస్తర్‌ఖాన్ మీద కూర్చుని ఉంటారు.

ఈ తారీఖ్‌లో మన జిల్లా మనిషి ఒకాయన ఉన్నాడు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1969లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చేరాడు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 1971లో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ ఒక సవాల్ విసిరింది: ఐదేళ్ళలో మనిషి మాటని అర్థం చేసుకునే యంత్రం కావాలి. రెడ్డి బృందం చేసిన జవాబుల్లో ఒకటి హియర్‌సే-2. అందులో ధ్వని తెలిసిన ముక్క వేరు, పదాలు తెలిసిన ముక్క వేరు, వాక్యం తెలిసిన ముక్క వేరు. ఏ ముక్కా ఇంకో ముక్కని పేరు పెట్టి పిలవదు. అందరికీ కలిపి ఒక నల్లబల్ల. ఒకరు తమ అందాజా దానిమీద రాస్తారు, ఇంకొకరు చూసి అందుకుంటారు. ఇది డిపెండెన్సీ ఇంజెక్షన్ కాదు, కానీ ఫికర్ అదే: ఒకరి ఇంటి గుట్టు ఇంకొకరికి తెలియకుండా కలిసి పనిచేయడం ఎలా? 1972లో అదే యూనివర్సిటీ నుంచి డేవిడ్ పార్నాస్ రాసిన వ్యాసం ఈ ఉసూల్‌ని స్థిరపరిచింది: ప్రతి మాడ్యూల్ తన లోపలి నిర్ణయాన్ని దాచుకోవాలి.

ముక్కలు విడిపోయాయి. మరి అతుకుల్ని ఎవరు చూడాలి? దీనికి జవాబ్ తొందరగానే దొరికింది. 1984లో డేవిడ్ మెక్వీన్ ఎం.ఎల్. అనే భాషకి మాడ్యూళ్ళ పద్ధతి రాశాడు. అందులో ఒక మాడ్యూల్ ఇంకో మాడ్యూల్‌ని అడిగి తీసుకోవచ్చు. అడిగిన రకమూ ఇచ్చిన రకమూ ఒకటేనా అని కంపైలర్ ముందే చూస్తుంది. కంపైలర్ అంటే మనం రాసిందాన్ని మిషన్ భాషలోకి తర్జుమా చేసేది. కానీ ఆ ఇల్మ్ ఎక్కువగా యూనివర్సిటీ గోడల మధ్యే ఉండిపోయింది. బజారు జావాది.

జావాలో ఈ పద్ధతికి 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ వ్యాసంతో డిపెండెన్సీ ఇంజెక్షన్ అనే పేరు స్థిరపడింది. అదే ఏడాది స్ప్రింగ్ మొదటి వెర్షన్ వచ్చింది. ఎవరికి ఏది అందించాలో వేరే ఎక్స్ఎంఎల్ ఫైల్లో పేర్లుగా రాసేవారు. పేరులో ఒక హర్ఫ్ తప్పినా కంపైలర్‌కి పట్టదు, ప్రోగ్రాం నడిచినప్పుడే బయటపడుతుంది. 2007లో గూగుల్ బయటపెట్టిన జ్యూస్ (Guice), పేర్ల బదులు రకాలనే గుర్తుగా వాడింది. తనిఖీ కొంత కిందికి దిగింది, కానీ అదీ ప్రోగ్రాం మొదలయ్యాకే. 2012లో స్క్వేర్ కంపెనీ డాగర్ తెచ్చింది. డాగర్ అంటే ఖంజర్. 2015లో గూగుల్ చేతుల్లో వచ్చిన డాగర్-2 లెక్కంతా కంపైల్ వేళకే తెచ్చింది. ఇచ్చేవాడు లేకుండా ఎవరైనా అడిగితే యాప్ తయారే కాదు.

ముప్ఫై ఏళ్ళ సఫర్ ఇది. తనిఖీ కొండమీద నుంచి అలిపిరికి దిగింది.

ఇది ముఫ్త్‌గా రాదు. రాత పెరుగుతుంది, యాప్ తయారవడానికి సమయం ఎక్కువ పడుతుంది. పైగా ఈ తనిఖీ రకాన్నే చూస్తుంది. బాస్మతీ అని తేలుస్తుంది, పురుగు పట్టిందో లేదో చెప్పదు. దానికి వేరే పరీక్షలుండాలి.

నా సంగతీ చెప్పాలి. పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నా. చేర్చుకునేటప్పుడు మార్కులు చూశారు, ఫీజు కట్టించుకున్నారు. మొదటి నెలలోనే క్లాసులో నిలబెట్టి పద్యానికి గణాలు కట్టమన్నారు. గురువు, లఘువు అంటే ఏమిటో నాకు తెలీదు. క్లాసంతా నవ్వింది. చాలా ఏళ్ళు అది నా నాలాయఖీ అనుకున్నా. చేరిన రోజే "నీకు ఇది రాదు, ముందు నేర్చుకో" అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ నవ్వు ఉండేది కాదు. లోటు నాదే. దాన్ని అందరి ముందు బయటపడేదాకా వదిలేసిన ఇంతెజామ్ నాది కాదు.

మావాడికి ఇదే చెప్పా. "బేటా, మళ్ళీ మీటింగులో గలతీ ఎవరిదని కాదు, తనిఖీ ఎక్కడుందని అడుగు."

పోయిన వారం ఫోన్ చేశాడు. ఒక్క మాడ్యూల్‌కి కొత్త పద్ధతి పెట్టి చూశారట. "మామూ, బిల్డ్ ఫెయిలైంది" అన్నాడు. గొంతు నిండా ఖుషీ.